ఫ్లై ఫిషింగ్ మొదటి పాఠానికి వెళ్తున్నారా?

మామూలు గాలంలో బరువంతా కొసన ఉంటుంది. సీసం గుండో, ఎరో ముందు ఎగిరిపోతుంది, దాని వెనకే దారం ఊడుకుంటూ పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో వ్యవహారం తలకిందులు. కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. బరువంతా లైనుది, అంటే పైపూత ఉన్న లావుపాటి దారానిది. 5వ నంబరు లైనులో మొదటి 30 అడుగులు తూకం వేస్తే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. మీరు విసిరేది ఆ లైనునే. ఫ్లై దాని వెంట ఊరికే వెళ్తుంది.

అందుకే వీడియోలు చూసి నేర్చుకుందామంటే ఓ పట్టాన కుదరదు. లైను సగం సేపు మీ వెనక గాల్లో ఉంటుంది. అక్కడ అది ఏం చేస్తోందో మీకు కనబడదు, పక్కన నిలబడ్డ మనిషికి కనబడుతుంది. పాఠానికి డబ్బు ఇచ్చేది ముఖ్యంగా ఆ కళ్ళ కోసమే. వాటిని ఎంత వాడుకుంటే అంత లాభం. మొదటిరోజు ఒక్క చేప పడకపోయినా నష్టం లేదు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

చేపలు బాగా పట్టేవాళ్ళందరూ బాగా నేర్పలేరు. ఈ రంగంలో గైడ్లు వేరు, ఇన్‌స్ట్రక్టర్లు వేరు. గైడ్ పని మీకు చేప పట్టించడం. ఎక్కడ నిలబడాలో చెబుతాడు, ఫ్లై తనే కడతాడు, చిక్కు పడితే తనే విప్పుతాడు. రోజు హాయిగా గడిచిపోతుంది గానీ సాయంత్రానికి మీ చేతికి వచ్చిన విద్య అంతంతమాత్రం. మొదటిసారికి ఇన్‌స్ట్రక్టరే కావాలి. అమెరికా కేంద్రంగా పనిచేసే ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్, బ్రిటన్‌లోని గేమ్ యాంగ్లింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ అసోసియేషన్ లాంటి సంస్థలు నేర్పేవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తాయి. సర్టిఫికెట్ లేని మంచి టీచర్లూ ఉంటారు. ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడితే చాలావరకు తెలిసిపోతుంది.

ఏం అడగాలంటే: ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది నేర్చుకునేవాళ్ళు ఉంటారు? నలుగురు దాటితే మీ వంతుకి మిగిలే సమయం తక్కువ. నీళ్ళలోకి దిగేముందు గడ్డి మీద ఎంతసేపు విసిరిస్తారు? "అదేం అక్కర్లేదు, నేరుగా ఏటికి వెళ్ళిపోదాం" అనేవాళ్ళని నేనైతే ఒప్పుకోను. రాడ్ (గాలం కర్ర), రీలు (లైను చుట్టే చక్రం), వేడర్లు (నీళ్ళలోకి దిగడానికి వేసుకునే, నీరు చొరని ప్యాంటు) వాళ్ళే ఇస్తారా? మీది ఎడమచేతి వాటమైతే ఆ సంగతి ముందే చెప్పండి, రీలు పిడి మార్చి ఉంచుతారు. లైసెన్సు ఎవరు తీసుకోవాలో కూడా అడగండి. చాలా దేశాల్లో పాఠమైనా సరే, నీళ్ళలో కొక్కెం పడితే లైసెన్సు కావాల్సిందే. కొన్ని నీళ్ళలో ఫ్లై మాత్రమే వాడాలని, ముల్లు (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొన) లేని కొక్కేలే వాడాలని, పట్టిన చేపని వదిలెయ్యాలని షరతులు ఉంటాయి.

రోజంతా సాగే పాఠం మొదటిసారికి ఎక్కువ. అలవాటు లేని భుజం రెండు గంటలకే బరువెక్కుతుంది, ఆ తర్వాత నేర్చుకునేదంతా తప్పులే. రెండు మూడు గంటలు, మరీ అంటే సగం రోజు చాలు. ఇంకో మాట: ఇంట్లోవాళ్ళ దగ్గర మాత్రం నేర్చుకోకండి. చేపలు పడతాయో లేదో గానీ గొడవలు ఖాయం.

ముందే కొనేయకండి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పాఠానికి ముందే రాడ్, రీలు, జేబుల కోటు, నలభై రకాల ఫ్లైలు కొని పెట్టుకునేవాళ్ళు ఉంటారు. ఏ రాడ్ చేతికి నప్పుతుందో విసరకముందు తెలియదు. ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చేదే వాడండి. చాలావరకు అది 9 అడుగుల పొడవు, 5వ నంబరు రాడ్ అయి ఉంటుంది. రాడ్ పిడికి పైన ఆ నంబరు రాసి ఉంటుంది. లైను నంబరూ అదే ఉండాలి. లైను పెట్టె మీద కనబడే డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అనే గుర్తుకి అర్థం, ముందుభాగంలో బరువు ఎక్కువ ఉన్న, నీటి మీద తేలే, 5వ నంబరు లైను అని.

మీరు తప్పకుండా తెచ్చుకోవాల్సినవి రెండే: అంచు ఉన్న టోపీ, కళ్ళజోడు. కళ్ళజోడు విషయంలో మొహమాటం వద్దు. కొక్కెం గంటకి ఎన్నోసార్లు తల పక్కనుంచి వెళ్తుంది, గాలి ఒక్కసారి వాటంగా వీస్తే చాలు. పోలరైజ్డ్ అద్దాలైతే నీటి మీది తళుకు తగ్గి అడుగున రాళ్ళు, అదృష్టం ఉంటే చేపలు కూడా కనిపిస్తాయి. బట్టలు ముదురాకుపచ్చ, బూడిద, మట్టి రంగుల్లో ఉంటే మంచిది. నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ఒక పొర ఎక్కువే వేసుకోండి, కారులో ఇంకో జత సాక్సులు పెట్టుకోండి.

ఇంట్లో ఒక ముడి నేర్చుకుని వెళ్ళండి

పాఠంలో సమయం తినేసేది ముడులే. ఒక్కటి ముందే చేతికి వస్తే అరగంట మిగులుతుంది. ఫ్లై కట్టడానికి వాడే క్లించ్ ముడి అది. తాళంచెవి కన్ను, కాస్త మందపాటి దారం తీసుకోండి. దారం కొసను కన్నులోంచి నాలుగైదు అంగుళాలు బయటికి లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ అయిదుసార్లు తిప్పండి. ఇప్పుడు కన్ను దగ్గర, మొదటి చుట్టుకి కింద, చిన్న సందు కనబడుతుంది. కొసను అందులోంచి దూర్చండి. దూర్చగానే కొత్తగా ఇంకో పెద్ద లూపు ఏర్పడుతుంది, దానిలోంచి కూడా దూర్చండి. ఇప్పుడు ముడిని నోటితో తడిపి, అసలు దారాన్ని నెమ్మదిగా లాగండి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన సర్దుకుంటూ కన్ను దాకా దిగాలి. తడపకుండా బిగిస్తే ఒరిపిడికి నైలాన్ దెబ్బతిని ముడి దగ్గరే తెగుతుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తే మొహమాటపడకుండా కోసేసి మళ్ళీ కట్టండి.

టీవీ చూస్తూ కట్టగలిగే దాకా కడితే సరిపోతుంది. ఏటి ఒడ్డున వేళ్ళు చల్లబడిపోయి ఉంటాయి, దారం అంతకంటే చాలా సన్నగా ఉంటుంది.

ఎంత సన్నగా అంటే, లైను కొసన కట్టే పారదర్శకమైన దారాన్ని లీడర్ అంటారు, సాధారణంగా 9 అడుగులు ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది. దాని చివరి భాగమే టిప్పెట్. టిప్పెట్ మందాన్ని 3ఎక్స్, 4ఎక్స్, 5ఎక్స్ అని చెబుతారు. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే వెయ్యింట ఆరు వంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కొక్కేల నంబర్లదీ ఇదే తిరకాసు: 16వ నంబరు ఫ్లై 12వ నంబరు కన్నా చిన్నది.

రాడ్ బిగించడం

రాడ్ ఎక్కువగా నాలుగు ముక్కలుగా వస్తుంది. కొస ముక్కతో మొదలుపెట్టి కిందికి బిగించుకుంటూ రండి. రెండు ముక్కలు కలిపేటప్పుడు లైను దూరే రింగులు కాస్త పక్కకి ఉండేలా పెట్టి, లోపలికి నెడుతూ మెల్లగా తిప్పి వరసలోకి తెండి. ఒక కన్ను మూసి పిడి వైపు నుంచి చూస్తే రింగులన్నీ ఒకే గీతలో కనబడాలి.

లైను ఎక్కించేటప్పుడు లీడర్ కొస పట్టుకుని దూర్చడం మొదలుపెడితే మధ్యలో జారిందంటే మొత్తం జరజరా కిందికి వచ్చేస్తుంది. లైనును రెండు మడతలు చేసి ఆ మడతని రింగుల్లోంచి దూర్చండి. చెయ్యి జారినా మడత విప్పుకుని రింగులోనే చిక్కుకుని ఆగిపోతుంది. ఒక్క రింగు కూడా వదిలెయ్యలేదని చివర్లో వేలితో లెక్కపెట్టుకోండి.

లీడర్ చుట్టలు చుట్టలుగా ఉంటే రెండు చేతులతో పట్టుకుని అరచేతిలోంచి గట్టిగా లాగి సాపు చేయండి. గడ్డి మీద విసిరేటప్పుడు కొక్కెం పెట్టరు, కొసన రంగు ఊలు ముక్క కడతారు. అది లేకుండా ఉత్త లైను విసరడం మంచిది కాదు, కొస పగిలిపోతుంది. సిమెంటు నేల మీద కూడా విసరకండి, లైను పైపూత గీసుకుపోతుంది.

అసలు పాఠం: ఎత్తి, ఆపి, ఆగి, వేయడం

రాడ్ పిడిని వేళ్ళతో పట్టుకుని బొటనవేలు పైన పెట్టండి. గట్టిగా పిసక్కండి. పట్టు గట్టిగా ఉంటే పది నిమిషాల్లో ముంజెయ్యి లాగుతుంది. కాళ్ళు భుజాల వెడల్పున ఉంచి, రాడ్ పట్టుకున్న చేతివైపు కాలు కాస్త వెనక్కి వేస్తే తల తిప్పి వెనక లైనును చూసుకోవచ్చు. చూసుకోండి. చూడకూడదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, మొదట్లో మీ ఆపడం సరిగా ఉందా లేదా అన్నది తెలుసుకునే దారి అదొక్కటే.

ముందు ఇరవై అయిదు, ముప్ఫై అడుగుల లైను మీ ఎదురుగా తిన్నగా పరవండి. రాడ్ కొసని దాదాపు నేలకి తాకేలా దించండి. ఇక్కడే సగం మంది తప్పు చేస్తారు: కొస పైన ఉంచి మొదలుపెడతారు. అప్పుడు వేలాడుతున్న వదులు లైనును బిగించడానికే మీ కదలికలో సగం ఖర్చయిపోతుంది. వదులుంటే రాడ్‌కి బరువు తగలదు, బరువు తగలకపోతే రాడ్ వంగదు, వంగకపోతే అది చేయాల్సిన పని చెయ్యదు.

ఇప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టి రాడ్ పైకి ఎత్తండి, ఎత్తుతూ వేగం పెంచండి, తల దాటిన వెంటనే ఠక్కున ఆపండి. గడియారం ముల్లు లెక్కన ముందు పది, వెనక ఒంటిగంటకీ రెండుకీ మధ్య. ఆపాక ఏమీ చేయకండి. లైను మీ తలమీదుగా వెనక్కి వెళ్ళి తిన్నగా చాచుకోవాలి. అది చాచుకున్నాక మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచి, ముందు పది దగ్గర ఠక్కున ఆపండి. లైను ముందుకి చాచుకుంటూ పడుతుండగా కొసని మెల్లగా దానితోపాటు దించండి.

మొత్తం విద్య ఇంతే, చెప్పడానికి. తడి బ్రష్‌లోని నీళ్ళు గోడ మీదికి విదిలించాలంటే చెయ్యి ఊపి చివర్లో ఒక్కసారిగా ఆపుతాం కదా, ఆపకపోతే నీళ్ళు దారిపొడవునా కారిపోతాయి. రాడ్ కూడా అంతే. వంగిన రాడ్ ఆగినప్పుడే తిరిగి తిన్నబడుతుంది, లైనును విసిరేది ఆ తిన్నబడటమే. మీరు ఆపకుండా వెనక్కి తోసుకుంటూ పోతే రాడ్ కొస కమానులా తిరిగి లైను వెడల్పాటి వంపుతో నేలకి కొడుతుంది. కొస తిన్నటి గీతలో నడిచి ఆగితే వంపు సన్నగా వస్తుంది, గాలిని కోసుకుంటూ దూరం వెళ్తుంది.

బలం గురించి మగవాళ్ళకి ముఖ్యంగా ఒక మాట. భుజబలంతో బాదేవాళ్ళు మొదటి గంటలో ఎప్పుడూ వెనకబడతారు. అమెరికాకి చెందిన జోన్ వుల్ఫ్ అనే మహిళ 1960లో ఒక కాస్టింగ్ పోటీలో 161 అడుగులు విసిరారు. పోటీల రాడ్లు వేరే, అది సరే, కానీ ఆ దూరం వచ్చింది ఆపడం, ఆగడం సరైన సమయానికి కుదిరినందువల్ల. ఇన్‌స్ట్రక్టర్ "సగం బలంతో వెయ్యండి" అన్నాక కూడా అందులో సగం తగ్గించి చూడండి.

మణికట్టు ఇంకో చిక్కు. ఆపాల్సిన చోట మణికట్టు వెనక్కి విరిగితే రాడ్ కొస నేల చూపులు చూస్తుంది. రాడ్ అడుగు కొసను చొక్కా చేతి అంచులో దోపి పదిసార్లు విసరండి. మణికట్టు మడిస్తే గుడ్డ లాగుతుంది, మీకే తెలిసిపోతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇన్‌స్ట్రక్టర్లు తరచూ చేయించే కసరత్తే ఇది.

తప్పు ఎక్కడుందో లైనే చెబుతుంది

వెనక ఫట్‌మని చప్పుడు వస్తే తొందరపడ్డారని అర్థం, లైను చాచుకోకముందే ముందుకి లాగేశారు. కొక్కెం కట్టి ఉంటే ఆ చప్పుడుతోపాటు అది ఊడిపోయి ఉంటుంది, చూసుకోండి. లేని ఫ్లైతో గంటసేపు చేపలు పట్టినవాళ్ళు ఉన్నారు.

లైను మీ ముందు కుప్పగా పడితే ఆపలేదని, లేదా మరీ ఆలస్యంగా ఆపారని. లైను చాచుకుంటూ దాని కొస దాన్నే అడ్డంగా దాటి చిక్కుపడుతుంటే బలం ఒక్క కుదుపులో వేశారని. దీనివల్ల లీడర్‌కి చిన్న చిన్న ముడులు పడతాయి. వాటిని గాలి ముడులంటారు గానీ గాలిదేం తప్పు లేదు. అవి కంటికి ఆనవు. అరగంటకోసారి లీడర్‌ని బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొసదాకా జారవిడవండి. ఎక్కడో ఇసుక రేణువంత గరుకు తగులుతుంది, అదే ముడి. అక్కడ దారం బలం దాదాపు సగం తగ్గిపోతుంది. ముడి వదులుగా ఉంటే సూదితో విప్పొచ్చు, బిగిసిపోతే ఆ ముక్క కోసేసి కొత్త టిప్పెట్ కట్టించుకోవడమే.

ఈ దశలో ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక కోరిక కోరండి: తప్పు జరిగిన ప్రతిసారీ సరిదిద్దవద్దని, ముందు మీరే కారణం చెబుతారని. "ఇప్పుడేం జరిగింది?" అని ఆయన మిమ్మల్ని అడగాలి. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు పనికొచ్చేది ఈ అలవాటే. మీ ఫోన్ ఇచ్చి పక్కనుంచి, వెనకనుంచి ఒక్కో వీడియో తీయించుకోండి. చేతులు ఆగాయని మీరు ప్రమాణం చేసి చెప్పే చోట అవి ఆగకపోవడం అందులో కనబడుతుంది.

రోల్ కాస్ట్ నేర్పకుండా వదలొద్దు

వెనక చెట్లుంటే లైనును వెనక్కి చాచే వీలుండదు. అప్పుడు పనికొచ్చేది రోల్ కాస్ట్. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది మీరు ఎక్కువగా వాడేది ఇదే. గడ్డి మీద ఇది సరిగా రాదు, లైను కొసని నీళ్ళు పట్టి ఉంచాలి. అందుకే నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే మొదట ఇది చేయించమనండి.

లైను ముందు నీళ్ళ మీద ఉండగా రాడ్‌ని నెమ్మదిగా, నీళ్ళు చిందకుండా వెనక్కి ఎత్తండి. కొస కాస్త బయటికి వాలి, చెవి దాటి వెనకకి రావాలి. లైను మీ భుజం పక్కనుంచి వెనక్కి పొట్టలా వేలాడుతుంది. నీళ్ళ మీద జారుతున్న లైను ఆగే దాకా చూడండి. ఆగాక, ముందుకి వేగం పెంచుతూ తోసి, పైన ఆపండి. కిందికి నరకకండి, నరికితే లైను కుప్పగా మీ కాళ్ళ దగ్గరే పడుతుంది. లైను ఏ వైపు వేలాడుతోందో దానికి అడ్డంగా విసరకూడదు, రెండు లైన్లు కలిసి మెలిపడతాయి.

గాలి మీ రాడ్ చేతి భుజం మీదికి కొడుతుంటే కొక్కెం మీ మొహం వైపు వస్తుంది. అలాంటప్పుడు రాడ్‌ని రెండో భుజం మీదుగా తిప్పి విసరాలి. ఇదీ ఆరోజే చూపించమనండి.

రెండో చెయ్యి

మొదటి గంట రాడ్ చెయ్యి గురించే అందరూ మాట్లాడతారు. లైను పట్టుకునే చేతికీ పని ఉంది. విసిరాక లైనును రాడ్ చేతి చూపుడువేలి కిందికి తెచ్చి పిడికి అదిమిపెట్టండి. రెండో చేత్తో ఆ వేలి వెనకనుంచి కొంచెం కొంచెం లాగుతూ వదులు తీసెయ్యండి. ప్రవాహం ఫ్లైని మీ వైపు తెస్తున్నంతసేపూ ఈ లాగుడు సాగుతూనే ఉండాలి. వదులు పోగుపడితే చేప నోట పెట్టినా మీకు కబురు అందదు.

నీళ్ళ దగ్గర

చల్లటి ఏళ్ళలో ఉండే ట్రౌట్ అనే చేప ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటుంది, ఆహారం కొట్టుకొచ్చేది అటునుంచే కాబట్టి. కింది వైపు నుంచి, అంటే దాని వెనకనుంచి వెళ్తే మిమ్మల్ని గమనించే అవకాశం తక్కువ. నీటి అడుగునుంచి పైకి చూసే చేపకి బయటి లోకమంతా సుమారు 97 డిగ్రీల కోణంలో ఇమిడి కనబడుతుంది. గట్టు మీద నిటారుగా నిలబడ్డ మనిషి అందులో బాగా కనబడతాడు, వంగితే అంతగా కనబడడు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని మోకాళ్ళ మీద కూర్చోమంటే నవ్వకండి.

ఎక్కడ వెయ్యాలో తెలియకపోతే వేగంగా పారే నీరు, నెమ్మదిగా పారే నీరు కలిసే గీతని వెతకండి. చాలాసార్లు నురగ ఆ గీత వెంటే సాగుతుంది. చేప నెమ్మది నీళ్ళలో బలం ఖర్చుపెట్టకుండా ఉండి, పక్కనే వేగంగా పోయే నీళ్ళలోంచి తిండి అందుకుంటుంది. పెద్ద రాయి ముందు, వెనక కూడా అలాంటి చోట్లుంటాయి.

ఫ్లైల ఎంపిక మొదటి రోజు మీరు తల పగలగొట్టుకోవాల్సిన విషయం కాదు, ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చింది కట్టండి. తేలేవి డ్రై ఫ్లైలు, మునిగేవి నింఫులు, చిన్న చేపల్లా ఉండేవి స్ట్రీమర్లు. మేఫ్లై పురుగు బతుకులో ఎక్కువ భాగం నీటి అడుగునే గడుస్తుంది, రెక్కలొచ్చాక మిగిలేది ఒకటి రెండు రోజులు. ట్రౌట్ తిండి కూడా ఎక్కువగా అడుగునే దొరుకుతుంది. అయినా మొదటిసారి డ్రై ఫ్లైతోనే నేర్పమని అడగండి, జరిగేది కళ్ళకి కనబడుతుంది కాబట్టి.

కనబడాల్సింది ముఖ్యంగా ఒకటి: ఫ్లై ప్రవాహంతో సమానంగా, నిజమైన పురుగులాగే కొట్టుకుపోతోందా, లేక లైను దాన్ని లాక్కుపోతోందా? మీకూ ఫ్లైకీ మధ్య నీళ్ళు వేగంగా పారుతుంటే లైను కిందివైపుకి పొట్టలా వంగి, ఫ్లై వెనక చిన్న గీత పడుతుంది. ఆ గీత కనబడితే చేప నోరు తెరవదు. దీనికి మందు మెండింగ్. లైను నీళ్ళ మీద పడిన వెంటనే రాడ్ కొసతో ఆ పొట్టని ఎత్తి ప్రవాహానికి ఎగువ వైపు వెయ్యాలి, ఫ్లై మాత్రం కదలకూడదు. కొస ఎత్తకుండా పక్కకి ఈడిస్తే ఫ్లై కూడా ఈడ్చుకొస్తుంది. నా లెక్కలో నీళ్ళ దగ్గరి సమయంలో సగం దీనికే ఇవ్వాలి. దూరం విసరడం కంటే ఇదే ఎక్కువ చేపల్ని ఇస్తుంది.

చేప పడితే

ఫ్లై మాయమైతే రాడ్‌ని పైకి ఎత్తండి, చాలు. గట్టిగా గుంజితే సన్నటి టిప్పెట్ తెగుతుంది. తర్వాత రాడ్ వంపు పోకుండా చూసుకోండి. చేప పరుగెత్తితే లైను వదలండి, ఆగితే లాగండి. దగ్గరికి వచ్చాక రాడ్‌ని మరీ నిటారుగా వెనక్కి వంచకండి, రాడ్లు విరిగేవి ఎక్కువగా అప్పుడే.

చేప వల దగ్గరికి రాగానే టెన్షన్‌లో అందరూ చేసేది దాన్ని గట్టు మీదికి లాగడం. చేపని నీళ్ళలోనే ఉంచండి. ముట్టుకునే ముందు చేతులు తడపండి, పొడి చేతులు దాని ఒంటి మీది జిగురు పొరని తుడిచేస్తాయి. రబ్బరు వల అయితే మంచిది. ముల్లు లేని కొక్కెం వేలితో వెనక్కి నెడితే వచ్చేస్తుంది. ఫోటో కావాలంటే కెమెరా ముందు సిద్ధం చేసుకుని, చేపని కొన్ని సెకన్లు ఎత్తి దించెయ్యండి. తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే కాసేపటికి అదే మీ చేతుల్లోంచి వెళ్ళిపోతుంది. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో ట్రౌట్ వదిలాక కూడా బతకడం కష్టం. అలాంటి రోజున ఇన్‌స్ట్రక్టర్ పాఠాన్ని గడ్డి మీదే ముగిస్తానంటే ఆయన మంచివాడని అనుకోండి.

నీళ్ళలో నడక

మోకాళ్ళ లోతు దాటొద్దు. ప్రవాహానికి పక్కవాటుగా నిలబడి, ఒక కాలు గట్టిగా ఆనాకే రెండోది జరపండి. వేడర్ల మీద బెల్టు బిగించకుండా నీళ్ళలోకి దిగనే దిగకండి, పడితే నీళ్ళు లోపలికి నిండకుండా ఆపేది అదే. పడిపోతే కాళ్ళు ముందుకి, దిగువ వైపుకి పెట్టి వెల్లకిలా తేలుతూ గట్టుకి చేరాలి. కరెంటు తీగల కింద రాడ్ ఎత్తకండి, ఉరుము వినిపిస్తే కింద పెట్టెయ్యండి. రాళ్ళలో జారడం ఎంత సహజమో, కార్బన్ రాడ్‌లో కరెంటు పారడం అంత సహజం.

బూట్లు ఇంటికి వచ్చాక కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒక ఏటిలోని నాచు, సూక్ష్మజీవులు ఇంకో ఏటికి పాకేది ఎక్కువగా బూట్ల మీదే. డిడిమో అనే నాచు పాకడం వల్ల న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) అడుగున్న బూట్లని ఏకంగా నిషేధించింది.

పాఠం అయ్యాక

వెళ్ళేముందు ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్కటే అడగండి: "నేను ఇంట్లో సాధన చేయాల్సినది ఒక్కటి చెప్పండి." అయిదు చెబితే అయిదూ మర్చిపోతారు. ఆ ఒక్కటీ ఫోన్‌లో రాసుకోండి. తర్వాత వారానికి రెండు మూడుసార్లు, కొసన ఊలు ముక్క కట్టి, గడ్డి మీద పది పదిహేను నిమిషాలు విసరండి. ముప్ఫై అడుగులకి మించి పోకండి, దూరం మీద ఆశ పుట్టిందంటే ఆపడం మర్చిపోతారు. నేల మీద ఒక పళ్ళెం పెట్టి దానికి గురిపెడితే విసుగు రాదు. అలసట రాగానే మానేయండి, చెయ్యి అలిసిపోయాక చేసే సాధన తప్పునే ముదురుస్తుంది.

రెండో పాఠం నెల లోపే పెట్టుకుంటే మేలు, ఆలస్యమైతే తప్పు అలవాటుగా స్థిరపడుతుంది. సొంత రాడ్ ఆ తర్వాత కొనండి. కొనేటప్పుడు ఖరీదు తగ్గించుకోవాలనుకుంటే రీలులో తగ్గించుకోండి, ఈ సైజు చేపలకి అది లైను చుట్టిపెట్టుకునే డబ్బా కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. లైనులో మాత్రం తగ్గించకండి. నాసిరకం లైనుతో ఎంత మంచి రాడ్ అయినా మొండికేస్తుంది.